ఎడారినీ నీటినీ ఒకే ప్రయాణంలో చూడాలంటే: బోట్స్వానా సఫారీ గురించి ఒక విశాఖ కుటుంబానికి జవాబు

మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. మీ దంపతులిద్దరూ, పదేళ్ళ మీ పాప, అరవై ఎనిమిదేళ్ళ మీ నాన్నగారు కలిసి విశాఖపట్నం నుంచి బోట్స్వానాకు బయలుదేరాలనుకుంటున్నారు. అక్కడ గడపడానికి పదకొండు రాత్రులు ఉన్నాయి. కలహారి ఎడారి, ఒకవాంగో డెల్టా రెండూ చూడాలన్నది కోరిక. పాప బడిని బట్టి సంక్రాంతి, వేసవి, దసరా సెలవుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒక ఏజెంటు ఏడు క్యాంపులతో ప్రణాళిక పంపించారు, అది మంచిదేనా అని అడిగారు.

ఉద్యోగరీత్యా పద్దెనిమిదేళ్ళుగా బోట్స్వానాలో ఉంటున్నాను. ఏటా ఒకటి రెండుసార్లయినా ఉత్తరానికి వెళ్తాను. మన ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులనూ స్నేహితులనూ చాలామందిని వెంటబెట్టుకుని తిప్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: వేసవి సెలవుల చివరి భాగంలో, అంటే మే నెల 25 ప్రాంతంలో బయలుదేరి, జూన్ 12న బడులు తెరిచేలోపు ఇల్లు చేరండి. ఏడు క్యాంపులను నాలుగుకు తగ్గించండి. ముందు ఎడారి చూసి తర్వాత నీటికి వెళ్ళండి. ఈ మూడింటికీ కారణాలు వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే మీరు ఏ ఏజెంటుతోనైనా ధైర్యంగా మాట్లాడగలరు.

బోట్స్వానాకు వచ్చేవాళ్ళు చాలామంది ముందు క్యాంపును ఎంచుకుంటారు, నెలను తర్వాత చూసుకుంటారు. ఇక్కడ నెలే ముఖ్యం. ఎడారికి ఒక పంచాంగం, నీటికి ఇంకొక పంచాంగం ఉన్నాయి, అవి రెండూ దాదాపు ఎదురెదురుగా నడుస్తాయి. ఒకటి నిండుగా ఉన్న రోజుల్లో రెండోది వెలవెలబోతుంది. రెండూ ఒకే నెలలో అద్భుతంగా ఉంటాయని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మకండి.

నీటి సంగతి ముందు చూద్దాం. ఒకవాంగో నది అంగోలా ఎత్తుభూముల్లో పుడుతుంది. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కురిసిన వాన కుబాంగో, క్విటో అనే రెండు నదులుగా దక్షిణానికి దిగి, నమీబియాలో ఒక సన్నని పట్టీని దాటి, మొహెంబో అనే ఊరి దగ్గర బోట్స్వానాలోకి వస్తుంది. ఆ తర్వాత మన గోదావరి, కృష్ణలలాగా సముద్రంలోకి పోదు. కలహారి ఇసుకలోకి విసనకర్రలా పరుచుకుని, అక్కడే ఇంకిపోయి, ఆవిరైపోయి, మొక్కల ద్వారా గాలిలో కలిసిపోతుంది. భూమి వాలు ఎంత తక్కువంటే, సుమారు 250 కిలోమీటర్ల పొడవునా నేల 60 మీటర్లు మాత్రమే దిగుతుంది. అందువల్ల మొహెంబో దగ్గర ఏప్రిల్ ప్రాంతంలో నిండుగా కనిపించిన నీరు దక్షిణపు కొసన ఉన్న మౌన్ పట్టణానికి జులై, ఆగస్టుల్లో గానీ పూర్తిగా చేరదు. అప్పటికి బోట్స్వానాలో వానలు ఆగిపోయి మూడు నాలుగు నెలలవుతుంది. చుట్టుపక్కల మడుగులన్నీ ఎండిపోయిన వేళ డెల్టా మాత్రం పొంగుతుంది కాబట్టే ఏనుగులు, అడవిదున్నలు, వాటి వెనక సింహాలు అక్కడికి వచ్చి చేరతాయి. ఈ ప్రాంతం 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ జాబితాలో అది వెయ్యో స్థలం.

ఆ నీరు రావడాన్ని నేను మౌన్‌లో థమలకానె నది గట్టున ఒకసారి కళ్ళారా చూశాను. ఎండిన ఏటి అడుగు పగుళ్ళు తేలి, పశువుల గిట్టల గుర్తులతో నిండి ఉంది. నీటి ముందు అంచు నాలుకలాగా మెల్లగా జరుగుతూ వచ్చింది. మనిషి నడకలో నాలుగో వంతు వేగం కూడా లేదు. ఒక్కొక్క గిట్ట గుంతనూ నింపి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముందుకు సాగింది. ఎండుటాకులు, పుల్లలు, చీమలు, సాలెపురుగులు ఆ అంచు మీద తేలుతున్నాయి. వాటిని ఏరుకు తినడానికి కొంగలు నీటితోపాటే అడుగులేస్తున్నాయి. గట్టు మీద పిల్లలు, ముసలివాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒక పెద్దావిడ దిగి వెళ్ళి ఆ బురదనీటిని దోసిట్లోకి తీసుకుని ముఖానికి రాసుకుంది. వెయ్యి కిలోమీటర్ల అవతల ఎప్పుడో కురిసిన వాన అది. ఈ దేశపు డబ్బు పేరు పులా. సెట్స్వానా భాషలో పులా అంటే వాన. ఎవరినైనా దీవించేటప్పుడు కూడా ఆ మాటే అంటారు.

ఎడారి పంచాంగం దీనికి ఎదురు. కలహారికి అంగోలా నీటితో పనిలేదు. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడే కురిసే వానతోనే దాని బతుకంతా. సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వులో డిసెప్షన్ వ్యాలీ వంటి పురాతన నదీ లోయలు ఉన్నాయి. ఇప్పుడు వాటిలో నది పారదు, కానీ వాన పడగానే పచ్చిక మొలుస్తుంది, గెమ్స్‌బాక్, స్ప్రింగ్‌బాక్ అనే జింకజాతుల మందలు అక్కడికి దిగుతాయి, నల్లజూలు సింహాలు, చిరుతపులులు, చీతాలు వాటి వెంట వస్తాయి. ఆ రిజర్వు వైశాల్యం దాదాపు 52,800 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద చోట ఎండాకాలంలో జంతువులు చెల్లాచెదురైపోతే వెతకడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. దానికి ఉత్తరాన మఖాడిఖాడి ఉప్పుబయళ్ళు ఉన్నాయి (ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు గ కారం కనిపించినా స్థానికులు పలికేది ఇలాగే). ఒకప్పుడు అది మహా సరస్సు. ఇప్పుడు వానకాలంలో జానెడు నీరు నిలిచి, రాజహంసలు వేలాదిగా దిగి గూళ్ళు కట్టే ఉప్పునేల. పులికాట్ సరస్సులో రాజహంసలను చూసినవాళ్ళకు ఆ పక్షులు కొత్త కాదు గానీ, గట్టు కనిపించని ఆ తెల్లని బయలు మాత్రం కొత్తగానే ఉంటుంది.

ఇప్పుడు మీ మూడు సెలవులను ఈ రెండు పంచాంగాల పక్కన పెట్టి చూడండి. సంక్రాంతికి వస్తే కలహారి పచ్చగా ఉంటుంది, మఖాడిఖాడిలో చారల గుర్రాలు వేలల్లో ఉంటాయి, క్యాంపుల ధరలు కూడా తక్కువ. కానీ డెల్టాలో గడ్డి మనిషెత్తు పెరిగి జంతువులు కనబడవు, బాటలు బురదమయం, ఉప్పుబయళ్ళ మీదికి వాహనం దిగబడుతుందని పోనివ్వరు. దసరాకు వస్తే ఏనుగుల సంఖ్య, నీటి దగ్గర వేటలు కళ్ళకు పండుగే. కానీ అక్టోబరులో మధ్యాహ్నం 40 డిగ్రీలకు చేరే ఎండలో, గుడారంలో మీ నాన్నగారిని ఉంచమని నేను చెప్పలేను. ఆ నెలలో కలహారి మరీ కఠినంగా ఉంటుంది, డెల్టా దక్షిణ భాగంలో నీరు వెనక్కి పోయి ఉంటుంది.

నేను వచ్చిన కొత్తలో ఇదే పొరపాటు నాకు జరిగింది. నవంబరులో హైదరాబాదు నుంచి మా అన్నయ్యా వదినా వస్తున్నారని, ఒక ఏజెంటు మాట నమ్మి, మౌన్‌కు దగ్గరలోని ఒక నీటి క్యాంపుకు డబ్బు కట్టాను. మేము వెళ్ళేసరికి పడవలు ఇసుక మీద బోర్లించి ఉన్నాయి. క్యాంపు పనివాళ్ళు ఎంతో మర్యాదగా, నీరు ఇంకో ఏడు నెలలకు వస్తుందని చెప్పారు. నెలను అడగకుండా క్యాంపును అడిగినందుకు కలిగిన నష్టం అది. మా వదిన ఇప్పటికీ ఒకవాంగోలో పడవ ఎక్కలేదు.

మే చివర, జూన్ మొదట్లో మాత్రం రెండు పంచాంగాలూ కొంత కొంత కలుస్తాయి. వానలు ఆగి ఆరేడు వారాలై ఉంటాయి కాబట్టి ఉప్పుబయళ్ళు గట్టిపడి నడవడానికి, వాహనం పోవడానికి వీలుంటుంది, ఎడారి పొదల్లో ఇంకా ప్రాణం ఉంటుంది. డెల్టా ఉత్తర, మధ్య భాగాల్లోకి కొత్తనీరు వచ్చేసి ఉంటుంది. పగటి ఎండ మన పుష్యమాసపు ఎండంత హాయిగా ఉంటుంది. దోమలు తగ్గుముఖం పడతాయి. రెండింటిలో ఏదీ తన శిఖరం మీద ఉండదు, అది ఒప్పుకోవాలి. అయినా మీ కుటుంబానికి ఇదే సరైన సమయం అని నా గట్టి నమ్మకం.

ఇక దారి. మొదటి రాత్రి మౌన్‌లోనే ఉండండి. జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చే విమానం ఆలస్యమైతే అదే రోజు ముందుకు వెళ్ళే ప్రయాణం తప్పిపోతుంది. పైగా విశాఖ నుంచి అప్పటికి ఒకటిన్నర రోజుగా ప్రయాణంలో ఉన్న పెద్దాయనకు ఒక రాత్రి మంచి మంచం అవసరం.

మరునాడు తారురోడ్డు మీద తూర్పుకు సుమారు 200 కిలోమీటర్లు వెళ్ళి, గ్వేటా ఊరి వైపున మఖాడిఖాడి అంచు క్యాంపులో మూడు రాత్రులు ఉండండి. మీ ఏజెంటు ఎడారి కోసం సెంట్రల్ కలహారిని పెట్టారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. మే చివర్లో, పదేళ్ళ పాపతో అయితే గ్వేటా వైపే మేలు, అందుకు ముఖ్య కారణం అక్కడి మీర్‌క్యాట్లు. ఇవి ముంగిస జాతికి చెందిన చిన్న జంతువులు, మనుషుల ఉనికికి అలవాటుపడిన వీటి గుంపులు అక్కడ ఉన్నాయి. సూర్యోదయానికి ముందే వెళ్ళి వాటి కలుగు దగ్గర నేల మీద కూర్చోవాలి. ఎండ తగిలాక ఒక్కొక్కటే తల బయటపెట్టి, వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడి, పొట్టను సూర్యుడి వైపు తిప్పుతుంది. పొట్ట మీద బొచ్చు పలుచన, చర్మం నల్లన. రాత్రి చలిలో పోయిన వేడిని అవి అలా తిరిగి పొందుతాయి. ఒళ్ళు వెచ్చబడ్డాక ఆహారం కోసం తవ్వుతూ, చుట్టూ చూడడానికి ఎత్తైన చోటు దొరక్కపోతే కూర్చున్న మనిషి భుజం ఎక్కి నిలబడతాయి. కదలకూడదు, పట్టుకోకూడదు, తినడానికి ఏమీ పెట్టకూడదు. పాపకు ముందే ఈ మాట చెప్పి ఒప్పించండి.

అదే ప్రాంతంలో రాత్రిపూట గోధుమరంగు హైనా తిరుగుతుంది. ఒకవాంగోలో కనిపించే చుక్కల హైనా కంటే ఇది చాలా అరుదు. చారల గుర్రాల విషయంలో మాత్రం ముందే చెప్పాలి: వానలు ఆగాక అవి ఉప్పుబయళ్ళను వదిలి పడమర ఉన్న బోటేటి నదికి వెళ్తాయి, కాబట్టి గ్వేటా వైపు మే చివర్లో మందలు కనబడకపోవచ్చు. మీర్‌క్యాట్ల కంటే అవే ముఖ్యమనుకుంటే బోటేటి గట్టు మీది క్యాంపును ఎంచుకోండి. ఆ నది 1990ల ఆరంభం నుంచి ఎండిపోయి ఉండి 2009లో మళ్ళీ పారింది. ఈ చారల గుర్రాల్లో కొన్ని ఒకవాంగో నుంచి మఖాడిఖాడి దాకా దాదాపు 250 కిలోమీటర్లు నడిచి వెళ్ళి తిరిగి వస్తాయి. పశువుల రోగాలు వ్యాపించకుండా 1968లో కట్టిన కంచె ఆ దారిని మూసేసింది. 2004లో కంచె తీసేశాక, ఆ దారిని తమ జన్మలో ఎన్నడూ చూడని గుర్రాలు మళ్ళీ అదే దారి పట్టాయి. జంతువుల వలసల గురించి నేను విన్నవాటిలో నన్ను ఇంతగా కదిలించినది ఇంకొకటి లేదు.

ఎడారిని ముందు పెట్టమనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్కడ చూడాల్సింది జంతువుల సంఖ్య కాదు. ఖాళీ, నిశ్శబ్దం, రాత్రి ఆకాశం, ఇసుక మీద ఒక అడుగుజాడ. డెల్టాలో రోజుకు వంద ఏనుగులను చూసి వచ్చిన కంటికి ఇవి ఆనవు. ముందుగా చూస్తే మాత్రం, తర్వాత డెల్టా మీద విమానం ఎగిరేటప్పుడు కింద పచ్చదనం కనపడగానే పాపే మీకు తేడా చెబుతుంది.

ఐదో రోజు రోడ్డు మీద మౌన్‌కు తిరిగి వచ్చి, అక్కడి నుంచి చిన్న విమానంలో నీటి క్యాంపుకు వెళ్ళి రెండు రాత్రులు ఉండండి. ఈ క్యాంపు ఎంపికలో ఒక్క ప్రశ్న అడగండి: మే 30 నాటికి అక్కడ పడవ తిరగడానికి నీరుంటుందా? డెల్టా నడుమ ఉన్న పెద్ద దీవి చీఫ్స్ ఐలాండ్‌కు పడమరన, వాయవ్యాన ఏడాది పొడవునా నీరుండే క్యాంపులైతే చాలావరకు ఉంటుంది. మౌన్‌కు దగ్గరగా దక్షిణంలో ఉన్నవాటికి అప్పటికి కొత్తనీరు చేరకపోవచ్చు. 2019లాంటి కరువు సంవత్సరాల్లో ఆ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది.

అక్కడ చేయాల్సింది మొకోరోలో తిరగడం. ఇది దోనెలాంటి సన్నని పడవ. పూర్వం చెట్టు మాను తొలిచి చేసేవారు, ఇప్పుడు చెట్లను కాపాడడానికి ఎక్కువగా ఫైబర్‌తో చేస్తున్నారు. వెనక నిలబడిన మనిషి ఎన్‌గాషి అనే పొడవాటి గెడతో తోస్తాడు. నీటి మట్టానికి జానెడు ఎత్తున కూర్చుంటాం కాబట్టి తుంగ, రెల్లు, కలువలు కంటి ఎదుటికి వస్తాయి. ఇసుక, వేళ్ళు వడకట్టిన నీరు కనుక అడుగు దాకా కనిపిస్తుంది. ఒకసారి మా పడవ నడిపినతను గెడ ఆపి, ఒక రెల్లుకాడను వేలితో చూపించాడు. చాలాసేపు నాకేమీ కనబడలేదు. తర్వాత చూస్తే బొటనవేలి గోరంత కప్ప, ఒంటి మీద రంగు గీతలతో, కాడను కౌగిలించుకుని కూర్చుని ఉంది. చుట్టూ అలాంటివి పది పన్నెండు ఉన్నాయి. ఏనుగులను చూడడానికి వచ్చిన మా అత్తగారు ఊరికి వెళ్ళాక అందరికీ చెప్పింది ఆ కప్ప గురించే.

దీవుల గురించి కూడా ఆ పడవవాళ్ళనే అడగండి. డెల్టాలో చాలా దీవులు ఒక చెదపుట్టతో మొదలైనవే. పుట్ట నీటి పైకి లేస్తే దాని మీద పక్షులు వాలతాయి, వాటి రెట్టతో గింజలు పడతాయి, చెట్లు పెరుగుతాయి. ఆ చెట్ల వేళ్ళు నీటిని పీల్చుకున్నప్పుడు ఉప్పు దీవి నడుమన పోగుపడుతుంది. బయటికి పోయే దారి లేకపోయినా డెల్టా నీరు తియ్యగా ఉండడానికి అదొక కారణం. దీవి మధ్యలో ఏమీ మొలవని తెల్లని మచ్చను మీరు విమానం నుంచే చూడవచ్చు.

ఆ తర్వాత మూడు రాత్రులు ఖ్వాయి నది వైపు ఉండండి. ఇది మొరేమి అభయారణ్యానికి ఉత్తరపు అంచు. మొరేమిని 1963లో బటవానా ప్రజలే, మరణించిన తమ నాయకుడు మూడో మొరేమి భార్య ఆధ్వర్యంలో, తమ నేల మీద ఏర్పాటు చేసుకున్నారు. వేట వల్ల జంతువులు తరిగిపోవడాన్ని వాళ్ళు కళ్ళతో చూశారు. అభయారణ్యం లోపల చీకటి పడ్డాక వాహనం తిరగకూడదు, బాట దిగకూడదు. నది అవతల ఊరివాళ్ళ ఆధీనంలో ఉన్న ప్రాంతంలో రాత్రి సఫారీకి అనుమతి ఉంది. అందుకే నేను క్యాంపు నదికి ఉత్తరపు గట్టున ఉండాలంటాను. పొడినేల, నీరు పక్కపక్కనే ఉండే ఈ చోట చిరుతపులి, సింహం, ఆఫ్రికా అడవికుక్కలు కనిపించే అవకాశం బాగా ఉంటుంది. మూడు రాత్రులు అన్నది ఊరికే కాదు. మొదటి రోజు గైడు మీ గురించి తెలుసుకుంటాడు, రెండో రోజు తాజా జాడలు పట్టుకుంటాడు, మూడో రోజు ఆ జాడల ఫలితం దక్కుతుంది.

చివరి రెండు రాత్రులు ఉత్తరాన చోబే నది గట్టున, కసానె పట్టణంలో. సాయంత్రం పడవలో నది మీద తిరిగితే చాలు; ఏనుగులు తొండం పైకెత్తి సెడూడు దీవికి ఈదుతూ పోవడం చూస్తారు. బోట్స్వానాలో సుమారు 1,30,000 ఏనుగులు ఉన్నాయి, ప్రపంచంలో మరే దేశంలోనూ ఇన్ని లేవు. కసానెలో రద్దీ ఎక్కువ, వాహనాలు ఎక్కువ, అయినా మీ నాన్నగారికి పడవలో కుర్చీలో కూర్చుని అన్నిటినీ చూసే సౌకర్యం ఇక్కడే దొరుకుతుంది. కసానె నుంచి జొహానెస్‌బర్గ్‌కు విమానం ఉంది కాబట్టి మౌన్‌కు తిరిగి రావాల్సిన పనిలేదు.

ఏడు క్యాంపులు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. క్యాంపు మారే ప్రతి రోజూ ఉదయం సఫారీ కుదించుకుపోతుంది, పెట్టె సర్దడం, విమానం కోసం మట్టి రన్‌వే పక్కన చెట్టు కింద ఎదురుచూడడం, కొత్త క్యాంపులో భద్రతా నియమాలు మళ్ళీ వినడం, భోజనం, ఇంతలో సాయంత్రం. ఏడు చోట్లంటే ఆరు సగం రోజులు పోయినట్టే. పైగా ఒక్కొక్క విమానానికీ వేరే ఖర్చు. ఒకే రాత్రి ఉండే క్యాంపు ఏదైనా ప్రణాళికలో కనిపిస్తే, మౌన్ తప్ప, దాన్ని మొహమాటం లేకుండా కొట్టేయండి.

చిన్న విమానాల్లో సామాను నియమం కచ్చితంగా అమలు చేస్తారు. మనిషికి 15 నుంచి 20 కిలోలు, చేతిసంచితో కలిపి. గట్టి పెట్టె, చక్రాల పెట్టె పనికిరావు, నొక్కితే వంగే గుడ్డసంచి కావాలి. క్యాంపుల్లో బట్టలు ఉతికి ఇస్తారు కాబట్టి మూడు జతలు చాలు. కానీ చలిబట్టలు మరవకండి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని మనవాళ్ళు నూలుచొక్కాలతో వచ్చేస్తారు. జూన్ తెల్లవారుజామున ఎడారిలో సున్నా డిగ్రీల దరిదాపుల్లో, పైకప్పు లేని జీపులో, గాలికి ఎదురుగా కూర్చోవాలి. మంకీక్యాప్, చేతి తొడుగులు, మందమైన జాకెట్టు ఒక్కొక్కరికీ కావాలి. పది గంటలకల్లా అన్నీ విప్పేస్తారు.

పాప వయసును మొదటి ఉత్తరంలోనే రాయండి. చాలా క్యాంపులు ఒక వయసు దాటని పిల్లలను ఒప్పుకోవు. కొన్ని ఆరేళ్ళు, కొన్ని పన్నెండేళ్ళు అంటాయి. క్యాంపులోకి అనుమతించినా మొకోరో, నడక సఫారీలకు వేరే పరిమితి ఉండవచ్చు, కుటుంబానికి ప్రత్యేక వాహనం తప్పనిసరి అనవచ్చు. డబ్బు కట్టాక ఈ సంగతి తెలిస్తే పాపను గుడారం దగ్గర వదిలి ఎవరో ఒకరు ఉండిపోవాల్సి వస్తుంది. నాన్నగారి విషయంలో జీపు ఎక్కే మెట్ల ఎత్తు, మొకోరోలో కాళ్ళు చాపుకుని కింద కూర్చోవాల్సి రావడం గురించి అడగండి. మోకాళ్ళ నొప్పి ఉంటే జీపులో డ్రైవరు పక్క సీటు ఆయనకు ఇవ్వమనండి, కుదుపు అక్కడ తక్కువ. మొకోరోలో వీపుకు ఆనుకునే చిన్న కుర్చీ వేస్తారు; లేచేటప్పుడు ఇద్దరు చేయూతనిస్తే సరిపోతుంది. క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనశాలకు గైడు వచ్చి తీసుకువెళ్తేనే వెళ్ళాలి, పది అడుగుల దూరమైనా సరే. నీటిగుర్రాలు రాత్రిపూట గడ్డి మేయడానికి గుడారాల మధ్యకే వస్తాయి.

భోజనం గురించి మీరు అడగలేదు గానీ మన ఇళ్ళల్లో అదే పెద్ద బెంగ. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే రాయండి. క్యాంపులకు సరుకు విమానంలోనో లారీలోనో వారానికోసారి వస్తుంది కాబట్టి అక్కడికి వెళ్ళాక చెబితే వంటవాళ్ళు మాత్రం ఏం చేయగలరు? ముందే చెబితే అన్నం, పప్పు, కూరలు సంతోషంగా వండుతారు. స్థానికులు తినే బొగోబే అడిగి రుచి చూడండి; జొన్నపిండితో చేసినదైతే మన జొన్నసంకటికి చుట్టమే, దాని పక్కన మొరోగో అనే ఆకుకూర వడ్డిస్తారు. ఆవకాయ సీసా తెచ్చుకోండి, కానీ గుడారంలో పెట్టుకోకండి. వాసనకు కోతులూ హైనాలూ వస్తాయి. పళ్ళ వాసన పట్టి ఏనుగు గుడారం చింపిన సంఘటనలు ఉన్నాయి. వంటశాలలో ఇస్తే వాళ్ళే దాచి భోజనానికి తెచ్చిస్తారు. పచ్చిమాంసాన్ని పశురోగాల కంచెలు దాటించనివ్వరు, కొన్ని గేట్ల దగ్గర చెప్పులను కూడా మందునీటిలో ముంచి తుడవమంటారు. అది ఇక్కడి పశువుల కాపరుల బతుకుతెరువుకు సంబంధించిన నియమం, విసుక్కోకండి.

ఉత్తర బోట్స్వానాలో మలేరియా ఉంది, మే చివర్లో కూడా జాగ్రత్త అవసరం. నివారణ మాత్రలు ఎవరికి ఏవి అన్నది మీ వైద్యుణ్ణే అడగండి. పాపకు బరువును బట్టి, నాన్నగారికి ఆయన ఇప్పటికే వాడుతున్న మందులను బట్టి నిర్ణయించాలి. నాన్నగారి మందులు పది రోజులకు అదనంగా, చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా ఉండాలి. మీ విమానం అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్తే పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం అవసరమవుతుందేమో టికెట్ కొనకముందే విచారించండి, తిరిగి మన దేశంలో దిగేటప్పుడు కూడా అడగవచ్చు. బోట్స్వానా వీసా ముందే తీసుకోవాలి. జొహానెస్‌బర్గ్‌లో సామాను బయటికి తీసుకుని మళ్ళీ అప్పగించాల్సి వచ్చే టికెట్ అయితే దక్షిణాఫ్రికా వీసా కూడా కావాలి, కాబట్టి విశాఖ నుంచి మౌన్ దాకా ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. పాప జనన ధ్రువపత్రం తల్లిదండ్రులిద్దరి పేర్లతో ఉన్నది వెంట ఉండాలి.

బుకింగ్ వరుస కూడా చెబుతాను. ముందు నీటి క్యాంపు, ఎందుకంటే అక్కడ ఉండేవి పది పన్నెండు గుడారాలే, కుటుంబానికి సరిపోయేవి ఒకటి రెండు. ఆ తేదీలు ఖాయమయ్యాక ఖ్వాయి, తర్వాత గ్వేటా, చివరగా మౌన్, కసానె హోటళ్ళు. అంతర్జాతీయ విమానం వీటన్నిటి తర్వాతే. జూన్ నుంచి ధరలు పెరుగుతాయి కాబట్టి నీటి క్యాంపు, ఖ్వాయి రాత్రులు వీలైనన్ని మే నెలలోనే పడేలా ఒకటి రెండు రోజులు ముందుకు జరపగలరేమో చూడండి. మీ ఏజెంటుకు ఈ రోజే మూడు ప్రశ్నలు రాయండి: మే చివరి వారంలో ఆ క్యాంపులో మొకోరో తిరిగే నీరు గత మూడేళ్ళలో ఉందా, పదేళ్ళ పాపను మొకోరోలో ఎక్కించుకుంటారా, ఖ్వాయిలో క్యాంపు నదికి ఏ గట్టున ఉంది? వారి జవాబులు వచ్చాక పంపండి, తేదీలతో సహా కలిసి చూద్దాం.